పాత రైలుబండ్లు, కొత్త వేలంపాటలు

వేలంపాట మనకు కొత్త విషయం కాదు. చెరువులో చేపలు, తోటలో కాయలు, దేవాలయ భూముల కౌలు, సంతలో ఆశీలు, ఇవన్నీ ఏటేటా పాట పెట్టి ఇచ్చేవే. నలుగురూ చేరిన చోట సర్కారువారి పాట ఇంత అని చాటడం, ఒకరిపై ఒకరు హెచ్చించుకుంటూ పోవడం, చివరకు "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని పాటను ఖాయపరచడం మన పల్లెలలో పెద్దలందరూ ఎరిగినదే. పాటలో పంతం పెరిగితే ఇల్లు గుల్ల కావడం కూడ ఎరిగినదే. ఈ ప్రాచీన పద్ధతి గత 30 సంవత్సరాలలో సంతను విడిచి అంతర్జాలానికి ఎక్కింది. అక్కడ పాటదారులు ఒకరి ముఖం ఒకరు చూడరు. ఒకరి గొంతు ఒకరు వినరు. పద్ధతి మారినప్పుడు జాగ్రత్తలు కూడ మారవలసి ఉంటుంది. ఆ జాగ్రత్తలను వివరించడానికి ఒక చిన్న వస్తువును ఉదాహరణగా తీసుకుందాము. అది బ్రిటన్ దేశంలో పిల్లలూ పెద్దలూ కూడ ముచ్చటపడి నడిపించుకునే నమూనా రైలుబండి.

నమూనా రైలు అంటే కేవలం ఆటబొమ్మ కాదు. నిజమైన రైలుబండిని ఒక నిర్ణీతమైన పాళ్లలో తగ్గించి, అదే ఆకారంలో, అవే రంగులతో చేసి, పట్టాల ద్వారా విద్యుత్తును అందించి నడిపించే చిన్న యంత్రం అది. ఇది తక్కువ ఖర్చుతో తీరే సరదా కాదు. బ్రిటన్‌లో నేడు కొత్త ఇంజను ధర తరచు 100 పౌనులకు పైబడుతున్నది. పెద్ద ఇంజనులు 200 పౌనులను దాటుతున్నవి. నెల జీతం మీద సంసారం నడిపే తండ్రి గాని, పింఛను పుచ్చుకునే తాతగారు గాని ఈ ధరలు పెట్టి ఇంజను, పెట్టెలు, పట్టాలు, స్టేషను అన్నీ సమకూర్చుకోవడం కష్టం. అట్టివారికి మిగిలిన దారి ఒకరు వాడి విడిచిన సరుకు. ఆ సరుకు దొరికే పెద్ద సంత అంతర్జాలపు వేలం.

ఆ సంతలో సరుకు అంత విస్తారంగా ఎందుకు ఉన్నదో తెలియడానికి కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. లివర్‌పూల్ నగరవాసి ఫ్రాంక్ హార్న్‌బీ, చిల్లులున్న లోహపు పట్టీలను మరలతో బిగించి యంత్రాలను నిర్మించే ఆటసామగ్రికి 1901లో పేటెంటు పొందాడు. అదే తరువాత మెకానో అనే పేర ప్రసిద్ధమైంది. ఆయన సంస్థ 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లను విడుదల చేసింది. ఆయన మరణించిన రెండేళ్లకు, 1938లో, బల్లమీద పట్టేంత చిన్నవైన హార్న్‌బీ డబ్లో రైళ్లు వచ్చినవి. యుద్ధానంతరం ట్రై-యాంగ్ అనే పేరుతో ప్లాస్టిక్కు బండ్లు చౌకగా రావడంతో పోటీ ఏర్పడింది. 1964లో ట్రై-యాంగ్ యజమానులైన లైన్స్ బ్రదర్సు మెకానో సంస్థనే కొనివేశారు. 1971లో వారి వ్యాపారం కూడ కుప్పకూలింది. హార్న్‌బీ పేరు మాత్రం నిలిచి, 1990 దశకంలో తయారీ చైనాకు తరలిపోయినా నేటికీ నడుస్తున్నది.

1950, 1960 దశకాలలో ఈ బండ్లతో ఆడుకున్న పిల్లలు నేడు వయోవృద్ధులు. వారి అటకలమీది పెట్టెలను ఇల్లు మారేటప్పుడు వారో, వారి తదనంతరం వారసులో దింపి అమ్మివేస్తున్నారు. ఆ కాలంలో లెక్కలేనన్ని తయారైన మామూలు రకాలకు కొనేవారికంటె అమ్మేవారు ఎక్కువ. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన సామెత. మామూలు రకాల విషయంలో మాత్రం అమ్మేవానికి అడవి అయినది కొనేవానికి కొరివి కాదు. కొరివి ఎక్కడ ఉన్నదో తెలుసుకొని దూరంగా నడవడమే తక్కువ డబ్బుతో కొనేవాని విద్య.

ఈ సంతలో కొనేవారు రెండు తెగలు. మొదటివారు సేకర్తలు. వారికి బండి ఎంత ముఖ్యమో అది వచ్చిన అట్టపెట్టె కూడ అంత ముఖ్యం. రంగు చెక్కుచెదరని సరుకు, అరుదైన సరుకు, తొలి పెట్టెతో ఉన్న సరుకు వారికి కావాలి; అందుకు వారు ఎంతైనా పెడతారు. రెండవవారు బండిని పట్టాలమీద నడిపించి ఆనందించేవారు. వీరికి అట్టపెట్టెతో పనిలేదు. ఒక మూల రంగు పోయినా, అంకె మాసిపోయినా బండి నడకకు లోటు రాదు. అదే బండి పెట్టె లేకుండా వచ్చినప్పుడు సేకర్తలు దానిని విడిచిపెడతారు, ధర దిగుతుంది. కనుక తక్కువ డబ్బు గలవాడు ముందుగా తాను ఏ తెగవాడో నిశ్చయించుకోవాలి. నడిపేవానిగా బయలుదేరి సేకర్తలతో పోటీపడి పాట పాడితే ఓటమి అయినా తప్పదు, నష్టమైనా తప్పదు.

రెండవ నిశ్చయం కొలతకు సంబంధించినది. రెండు పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. బ్రిటన్‌లో ఎక్కువ వాడుకలో ఉన్నది డబుల్ ఓ అనే రకం. దీనిలో పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, బండి పరిమాణం నిజమైన బండిలో 76వ వంతు. ఐరోపాలోను అమెరికాలోను వ్యాపించిన హెచ్ ఓ రకానికి పట్టాలు అవే 16.5 మిల్లీమీటర్లు గాని బండి 87వ వంతు. బ్రిటిషు ఇంజనులు సహజంగా చిన్నవి కావడం వల్ల, ఆ కాలపు మోటారు 87వ వంతు ఇంజనులో ఇమడక, పట్టాలను అట్లాగే ఉంచి బండిని మాత్రం కొంచెం పెద్దది చేశారు. అందుచేత ఈ రెండు రకాలూ ఒకే పట్టామీద నడుస్తవి గాని పక్కపక్కన నిలిపితే పొంతన కుదరదు. ఇంకా చిన్నదైన ఎన్ రకానికి పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లే.

గేజి కలిసినంత మాత్రాన సరిపోదు. హార్న్‌బీ డబ్లో బండ్లు మొదట మూడు పట్టాల పద్ధతిలో వచ్చినవి. రెండు పట్టాలవి 1959లో మొదలైనవి. మూడు పట్టాల ఇంజనును రెండు పట్టాలమీద పెడితే నడవదు. జర్మనీ దేశపు మార్క్లిన్ సంస్థ బండ్లకు ఏకాంతర విద్యుత్తు కావాలి. బ్రిటిషు బండ్లు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుస్తవి. ఒక సంస్థ కొక్కెం మరొక సంస్థ కొక్కేనికి తగులుకోదు. చౌకగా దొరికినదని తలొక రకం కొన్నవాని ఇంట చివరకు నాలుగు సగం రైళ్లు ఉంటవి గాని, ఒక పూర్తి రైలు ఉండదు. ఒకే గేజి, ఒకే విద్యుత్తు, ఒకే కొక్కెం అనే నియమం పెట్టుకోవడమే మొదటి పొదుపు.

ఇక వేలం సంగతి. ఈ రంగంలో ప్రసిద్ధమైన ఈబే అనే సంస్థను 1995లో కాలిఫోర్నియాలో పియెర్ ఒమిడ్యార్ అనే యువకుడు ఆక్షన్ వెబ్ అనే పేరుతో ప్రారంభించాడు. అక్కడ మొట్టమొదట అమ్ముడైన వస్తువు పాడైపోయిన ఒక లేజరు సూచిక. దాని ధర 14 డాలర్ల 83 సెంట్లు. పాడైన వస్తువుకు కూడ ఎక్కడో ఒక కొనేవాడు ఉంటాడని ఆ తొలి అమ్మకమే చాటింది.

ఇక్కడ పాట పాడే తీరు మన సంతకంటె భిన్నమైనది. కొనేవాడు తాను ఇవ్వదలచిన గరిష్ఠ ధరను గుట్టుగా నమోదు చేస్తాడు. యంత్రం అతని తరపున, ఇతరులను మించడానికి ఎంత అవసరమో అంతవరకే పాట హెచ్చిస్తుంది. ఒకరు 30 పౌనులు గరిష్ఠంగా నమోదు చేశారనుకుందాము. మరొకరు 22 పౌనులవరకు వచ్చి ఆగిపోయారు. పాట మెట్టు ఒక పౌను అయితే మొదటివారికి బండి 23 పౌనులకే దక్కుతుంది. 30 పౌనులూ ఇవ్వనక్కరలేదు. అంటే గెలిచినవాడు చెల్లించేది తన మాటను కాదు, తన తరువాతివాని మాటను. ఈ విధమైన వేలాన్ని గురించి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం విక్రీ 1961లోనే ఒక వ్యాసం వ్రాశాడు. ఇట్టి వేలంలో ఎత్తులు, జిత్తులు అనవసరమనీ, వస్తువు తనకు ఎంత విలువైనదో అంతే నిజాయితీగా చెప్పడం మేలనీ ఆయన నిరూపించాడు. 1996లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

విక్రీ సిద్ధాంతం మన ఉదాహరణకు ఎంతో ఉపయోగకరమైనది. తన గరిష్ఠ ధర ఎంతో ముందే నిశ్చయించుకొని కాగితంమీద వ్రాసుకున్నవానికి పాట వేడిలో ఆలోచించవలసిన పని లేదు. ధర ఆ అంకెను దాటితే ఆ బండి తనది కాదు, అంతే. "ఇంకొక్క పౌనే కదా" అనే ఆలోచనే బీద కొనుగోలుదారుకు శత్రువు. ఒక్కొక్క పౌనుగా పది పౌనులు పోవడానికి పది నిమిషాలు చాలు. అమ్మేవారి మనుషులే కొనేవారివలె నటించి పాట పెంచడం నిషిద్ధమైనప్పటికీ, అక్కడక్కడ జరగకపోదు. అట్టి మోసాన్ని కనిపెట్టడం కష్టం గాని, వ్రాసుకున్న అంకెను దాటనివానిని అది అంతకుమించి బాధించలేదు.

పాట ఎప్పుడు పాడాలన్నది మరొక ప్రశ్న. మన సంతలో హెచ్చించేవారు ఉన్నంతసేపు పాట సాగుతుంది. మూడోసారి అన్నతరువాతనే ముగుస్తుంది. ఈబేలో అట్లా కాదు. నిర్ణయించిన గడియకు పాట ముగిసి తీరుతుంది. అందుచేత చాలామంది చివరి క్షణాలవరకు మౌనంగా ఉండి, ఎదుటివారికి తిరిగి హెచ్చించే వ్యవధి లేకుండా పాడతారు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈబే వేలాలను అమెజాన్ సంస్థ ఆనాడు నడిపిన వేలాలతో పోల్చారు. అమెజాన్ వేలంలో చివరి 10 నిమిషాలలో ఎవరైనా పాడితే గడువు పొడిగింపబడేది. అంటే అది మన సంత పద్ధతికి దగ్గరిది. చివరి క్షణపు పాటలు ఈబేలోనే ఎక్కువ అని వారు కనుగొన్నారు. దీనినుండి గ్రహించవలసినది ఇది: తొందరపడి ముందే పాడితే, ఆ వస్తువు విలువైనదని పదిమందికీ చాటినట్లవుతుంది. చివరి క్షణాలలో ఒకేసారి తన నిజమైన గరిష్ఠ ధరను చెప్పి ఊరుకోవడం ఉత్తమం.

ఆ గరిష్ఠ ధరను నిశ్చయించడం ఎట్లా? వేలంలో గెలిచినవాడు తరచు వస్తువు విలువను అందరికంటె ఎక్కువగా ఊహించినవాడే అవుతాడు. అమెరికాలో సముద్రగర్భపు చమురు క్షేత్రాల వేలాలను పరిశీలించిన ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఈ విషయాన్ని ఎత్తిచూపారు. దీనికి తరువాత గెలుపు శాపం అని పేరు వచ్చింది. చమురు సంస్థలకు తగిలే శాపం చిన్న రైలు కొనేవానికి తగలకుండా ఉంటుందా? దీనికి విరుగుడు ఊహను విడిచి లెక్కను ఆశ్రయించడం. అదే రకం బండ్లు గడచిన కొద్ది నెలలలో ఎంతకు అమ్ముడైనవో ఈబేలోనే చూడవచ్చు. అమ్మేవారు కోరిన ధరలను కాక, వాస్తవంగా అమ్ముడైన ధరలను చూడాలి.

ఒక లెక్క వేసి చూద్దాము. బాగా నడిచే ఒక ఇంజను టపా ఖర్చుతో కలిపి 38, 42, 45 పౌనులకు అమ్ముడైనదనుకుందాము. ఇప్పుడు వేలానికి వచ్చినది నడిపి చూడనిది. అన్నిటికంటె తక్కువదైన 38ని ఆధారంగా తీసుకోవాలి. దానిలో టపాకు 4 పౌనులు, మరమ్మతుకు 8 పౌనులు తీసివేయాలి. మిగిలినది 26. అసలే బాగుపడదేమో అన్న సందేహానికి ఇంకొక 3 పౌనులు తగ్గిస్తే 23. ఇదే కాగితంమీద వ్రాసుకోవలసిన అంకె. బ్రిటన్‌లో 2025 నుండి ప్రైవేటు వ్యక్తులవద్ద కొన్నప్పుడు కొనుగోలుదారు రక్షణకని ఒక రుసుము కూడ చేరుతున్నది. దానిని కూడ లెక్కలో కలుపుకోవాలి. చివరకు జేబునుండి పోయే మొత్తమే ధర గాని, పాట ధర ధర కాదు.

వస్తువును చేతితో తాకకుండా కొనడం ఈ వేలంలోని ప్రధానమైన లోపం. ఛాయాచిత్రమూ, అమ్మేవాని మాటలూ తప్ప వేరే ఆధారం లేదు. "పరీక్షించలేదు" అని వ్రాసినచోట నడవదనే భావించి పాట పాడాలి. నడిపి చూడడానికి కావలసిన సాధనం లేని వారసుడు నిజంగానే అట్లా వ్రాయవచ్చును గాని, నిత్యం రైళ్లు అమ్మే వ్యాపారి అట్లా వ్రాస్తే అర్థం వేరు. చక్రాలను కలిపే కడ్డీలు, పొగగొట్టం, ముందరి బఫర్లు, కొక్కేలు ఉన్నవో లేవో చిత్రంలో వెదకాలి. అడుగుభాగపు చిత్రం లేకపోతే పంపమని మర్యాదగా అడగాలి. అడిగినా పంపని వానివద్ద కొనకపోవడం క్షేమం.

లోపాలలో బాగుపడేవీ, బాగుపడనివీ అని రెండు రకాలు. ఈ తేడా తెలిసినవానికే చౌక సరుకు లాభం. నిలవ ఉండి బిగుసుకుపోయిన ఇంజనుకు తరచు కావలసినది పాత జిడ్డు తుడిచి ఒక చుక్క నూనె వేయడం, మసిపట్టిన చక్రాలను శుభ్రపరచడం మాత్రమే. ట్రై-యాంగ్ బండ్లలోని ఎక్స్ 04 అనే మోటారును మరచీలతో ఇంటిలోనే విప్పి, అరిగిన బ్రష్షులను మార్చుకోవచ్చును. విడిభాగాలు నేటికీ దొరుకుతున్నవి. పాత డబ్లో ఇంజనులో అయస్కాంతపు బలం తగ్గితే తిరిగి బలం ఎక్కించే పనివారు ఉన్నారు.

బాగుపడని జబ్బులలో ముఖ్యమైనది లోహానికి పట్టే తెగులు. ఈ బండ్ల పోతభాగాలను మాజాక్ అనే జింకు మిశ్రమలోహంతో పోస్తారు. ఆ మిశ్రమంలో సీసం కలుషితంగా చేరితే, ఏళ్లు గడిచిన కొలదీ లోహం లోలోపల చివికి, ఉబ్బి, పగిలి, చివరకు పొడి అయిపోతుంది. యుద్ధానికి పూర్వపు బండ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని ఇటీవలి బండ్లలోను కనిపించింది. దీనికి మందు లేదు. చిత్రంలో సన్నని బీటలు, వంగిన చట్రం, తలుపు మూయలేనంత ఉబ్బు కనిపిస్తే ఆ బండి ఎంత చౌక అయినా విడిచిపెట్టాలి. తొలినాటి ట్రై-యాంగ్ బండ్లలో కొన్నిటి ప్లాస్టిక్కు కూడ కాలక్రమాన వంకర తిరిగింది, అదీ సరికాదు.

పొదుపు చేయరాని చోటు ఒకటి ఉన్నది. పాత బండ్లతోపాటు పాత ట్రాన్స్‌ఫార్మర్లు కూడ అమ్మకానికి వస్తవి. వాటి తీగలపై తొడుగు ఏళ్లు గడిచి పెళుసెక్కి రాలిపోతుంది. గోడలోని విద్యుత్తుకు తగిలించే వస్తువు అది. పిల్లల చేతికి అందే వస్తువు. దానిని మాత్రం నమ్మకమైన దుకాణంలో కొత్తది కొనాలి. అట్లాగే పాత రేకుబండ్ల రంగులో సీసం ఉండవచ్చును గనుక వాటిని పసిపిల్లల చేతికి ఇవ్వరాదు.

మరి చౌక సరుకు ఎక్కడ దాగి ఉంటుంది? అమ్మేవాడు బండి పేరును తప్పుగా వ్రాసినచోట ఉంటుంది; పేరు సరిగా వ్రాసి వెదికేవారికి అది కనబడదు. పది వస్తువులు కలగలిపిన కట్టలో ఉంటుంది. సేకర్తకు ఆ కట్ట చికాకు గాని, ఓపికగలవాడు తనకు కావలసినది ఉంచుకొని మిగిలినవి తిరిగి అమ్మి సగం డబ్బు రాబట్టుకోవచ్చును. అందరూ పనిలో ఉండే గడియలో ముగిసే పాటలో ఉంటుంది. "స్వయంగా వచ్చి తీసుకుపోవాలి" అన్న షరతున్న పెద్ద పట్టాల కట్టలో కూడ ఉంటుంది. దగ్గరివారు తప్ప దూరపువారు పోటీకి రారు.

మన దేశంలో 2004లో బాజీ డాట్ కామ్ సంస్థను కొని ఈబే తన శాఖను నడిపింది. అది 2017లో ఫ్లిప్‌కార్టు చేతికి వచ్చి 2018లో మూతపడింది. విదేశాలనుండి ఒక్కొక్క బండిని తెప్పించుకుంటే టపా ఖర్చు, సుంకము కలిసి బండి ధరను మించిపోవడం అసాధారణం కాదు. కనుక పైన చెప్పినవి బ్రిటన్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు నేరుగా ఉపయోగపడతవి. ఇక్కడివారికి పాత కెమెరా గాని, పాత వాల్వు రేడియో గాని, మరే వాడిన వస్తువు గాని వేలంలో కొనేటప్పుడు అదే పాళ్లలో ఉపయోగపడతవి.

వేలంలో డబ్బు మిగిలేది పాట పాడే క్షణంలో కాదు, అంతకు ముందే. ఏది తన కొలతకు సరిపోతుందో, ఏ లోపం బాగుపడుతుందో, మొత్తం ఖర్చు ఎంత అవుతుందో తెలుసుకొని అంకె వ్రాసుకున్నవాడు ఓడిపోయినప్పటికీ నష్టపోడు. అచ్చులలో పోసి వేలకొలది తయారుచేసిన బండ్లు ఇవి. ఈ వారం చేజారినది మరొక వారం మరొక అటకనుండి దిగుతుంది. ఓపిక పట్టినవాని ఇంటికి, ఆరు నెలలు ఆలస్యంగానైనా, ఇంజనూ పెట్టెలూ పట్టాలూ ఒకే కొలతలో వచ్చి చేరుతవి. పాత బండి పట్టామీద పరుగు తీసినప్పుడు, కొత్తదాని ధరలో నాలుగో వంతుకే అది ఆ ఇంటికి వచ్చిందని దాన్ని చూసి చప్పట్లు కొట్టే పిల్లవానికి తెలియనక్కరలేదు.